పంటి కింద అడ్డాకు

మొదటిసారి కొండెక్కినప్పుడు నా దగ్గర ఏమున్నాయో ముందు చెబుతాను. ఒక కొక్కెం కాటా. రెండు బస్తాల ఉప్పు. ఒక బస్తా ఎండు చేపలు. మా ఇంట్లో తినరు, అయినా అమ్ముతాం, ముక్కుకు తువ్వాలు కట్టుకుని తూస్తాం. చంకలో మూడేళ్ళ కూతురు హైమ. దాని తల్లి పోయి అప్పటికి నాలుగు నెలలు. పల్లంలో మంచి వీధులన్నీ మా అన్నలు పంచుకున్నాక, ఎవరికీ అక్కర్లేని జీలుగుపాడు దారి నాకు మిగిలింది.

జీపు ఆగిన చోటినుంచి రెండు గంటల నడక. ఆపైన ఆరు పల్లెలు, అందరూ కొండరెడ్లు. చింతపండు, కరక్కాయ, కుంకుడుకాయ, తేనె, విస్తళ్ళు కుట్టే అడ్డాకు, వాళ్ళ దగ్గర కొనాలి. ఉప్పూ చేపలూ అమ్మాలి. అంతే నా వ్యాపారం. ముప్పై ఏళ్ళు అదే చేశాను.

ఆ మొదటి రోజున ఉప్పు మోయడానికి వచ్చినవాళ్ళలో పండమ్మ ఉంది. అప్పటికి పాతికేళ్ళుంటాయి. నేను ఆయాసపడుతుంటే అడగకుండానే నా చంకలోంచి హైమను లాక్కుని తన నడుం మీద కూర్చోబెట్టుకుంది. సగం దారిలో బాట ఒక లోవ అంచున వంపు తిరుగుతుంది. లోవ అంటే రెండు కొండల మధ్య గిన్నెలాంటి పల్లం. ఆ వంపు వచ్చేసరికి అందరూ ఆగారు. పక్కనున్న తీగనుంచి తలా ఒక అడ్డాకు తుంచి, నాలుగు మడతలు పెట్టి, పళ్ళ మధ్య కరిచి పట్టుకున్నారు. అప్పటిదాకా వాగుతున్నవాళ్ళు నోరు మూసి, కళ్ళు తమ కాలి వేళ్ళ మీద పెట్టి నడిచారు. కిందికి చూసింది నేనొక్కడినే. దట్టంగా, నల్లగా, వేసవిలో కూడా తడిగా ఉంది.

నేనూ ఒక ఆకు తుంచాను. పండమ్మ నా చేతిలోంచి దాన్ని తీసి అవతల పారేసింది. వంపు దాటి ఆకు ఉమ్మేశాక నవ్వింది.

“నీకెందుకు సావుకారూ అది? నువ్వు కొనేవోడివి.”

“కిందేముంది?” అన్నాను.

“ఎక్కడ?” అంది.

ముప్పై ఏళ్ళలో ఎన్నిసార్లు అడిగినా అదే జవాబు. ఆ లోవకు పేరు లేదు. పేరు పెడితే పిలవాలనిపిస్తుంది, పిలిస్తే కావాలనిపిస్తుంది. కావాలనుకోకూడదు. నోటితో అడగడమే కాదు, మనసులో కూడా అనుకోకూడదు. పళ్ళ మధ్య ఆకు ఉన్నది అందుకే.

ఇది నాకు ఎవరూ చెప్పలేదు. వానలు ముఖం చాటేసిన ఒక సంవత్సరం చూసి నేర్చుకున్నాను. అప్పటికి హైమకు ఆరేళ్ళు. పండమ్మ ఇంట్లో రెండు నెలలుగా మామిడి టెంకల పిండితో కాచిన అంబలి తప్ప ఇంకేమీ లేదు. చేదు పోవాలని ఆ పిండిని వాగు నీళ్ళలో రోజుల తరబడి నానబెడతారు, అయినా పోదు. మేం వెళితే మాకూ అదే పోసింది. పొయ్యి మీదుగా, దూలానికి వేలాడుతూ పేడతో అలికిన పెద్ద బుట్ట ఒకటి ఉంది. నిండా విత్తనాల జొన్నలు, సామలు. ఇంటిల్లిపాదీ దాని కింద కూర్చుని ఆ చేదు తాగుతున్నారు. ఒక్కరూ తలెత్తరు.

హైమ వేలు చూపించింది. “పండత్తా, ఆ బుట్టలో ఏముంది?”

పండమ్మ కోప్పడలేదు. పిల్ల గడ్డం పట్టుకుని ముఖాన్ని మెల్లగా కిందికి తిప్పింది. “తాగమ్మా. చల్లారిపోద్ది.”

ఆ లోవ కూడా వాళ్ళకు అలాంటి బుట్టేనని నాకు అప్పుడు అర్థమైంది. ఆరు పల్లెల పిల్లలకూ మాటలు రాకముందే గడ్డం పట్టి తిప్పి నేర్పిన చదువు అది. ఆ తర్వాత నా చేతులే సాక్ష్యం. చింతపండు పట్టుకుంటే ఏ కొండదో చెప్పగలను. కరక్కాయ కొరికితే ఏ వాలుదో చెప్పగలను. ముప్పై ఏళ్ళలో ఆ లోవ కాయ ఒక్కటి కూడా నా కాటా ఎక్కలేదు.

*

హైమ చదువుకుంది. నాకు అర్థం కాని చదువే చదివింది. విశాఖపట్నంలో ఒక ప్రయోగశాలలో చేరి, ఎనిమిదేళ్ళు పనిచేసి ఒక వస్తువు తయారుచేసింది. చూడటానికి మట్టి రంగు గాజులా ఉంటుంది, మణికట్టుకు తొడుక్కోవాలి. దానికి వాళ్ళు పొడుగాటి పేరు పెట్టారు. మా కొండమీద మాత్రం దాన్ని నాడిగాజు అన్నారు.

మొదటి గాజు నాకు తొడిగి మా సంతలో నడిపించింది. తన చేతిలో వెలిగే తెర ఉన్న పలక ఉంది, అందులో సంత పటం. నేను నడిచే చోటు ఒకచోట ఎర్రగా, ఒకచోట పాలిపోయి కనిపిస్తోంది.

“నీకు ఇష్టమైన చోట ఒళ్ళు మాట్లాడుతుంది నాన్నా, నోరు మాట్లాడకపోయినా. చెమటలో ఉప్పు మారుతుంది, నాడి ఒక పిసరు ముందుకు పడుతుంది, అడుగు బరువెక్కుతుంది. గాజు అది పట్టుకుంటుంది.”

“నాకు ఎక్కడ పట్టుకుంది?”

“చింతపండు బస్తాల దగ్గర. ఇంకెక్కడ?” అని నవ్వింది. “నన్ను చూసినప్పుడు కూడా కొంచెం ఎరుపెక్కిందిలే. బాధపడకు.”

“మరి నీకు?”

పలక తిప్పి చూపించింది. గాజు తొడుక్కుని తను కొండెక్కిన పటం అది. అన్నిటికంటే ఎర్రగా ఉన్నది పండమ్మ ఇంటి గడప.

ఆ సంవత్సరమే కొత్త నియమం ఒకటి వచ్చింది. కొండల్లో ఏ పని తలపెట్టినా, అక్కడివాళ్ళు ఏ చోటును ఎంత ప్రేమిస్తున్నారో ముందు కొలవాలి. అతి తక్కువ మక్కువ ఉన్న చోటులోనే పని చెయ్యాలి. కొలవడానికి హైమ గాజు తప్ప వేరే సాధనం లేదు. నా కూతురు గాలిలో తేలింది. ఎప్పుడూ గట్టిగా అరిచేవాడి మాటే చెల్లుతోందని, మాట్లాడటం రానివాళ్ళ మనసు కూడా ఇప్పుడు కాగితం మీదికి ఎక్కుతుందని నాతో ఎన్నోసార్లు అంది. అందులో ఒక్క ముక్క కూడా అబద్ధం లేదు. అది నమ్మే చేసింది.

మొదట వచ్చినవాళ్ళు మా కొండకే వచ్చారు. ఒక కరెంటు కంపెనీ. పగలు ఎండతో తీసిన కరెంటుతో నీళ్ళు పైకి తోడి, రాత్రి కిందికి వదిలి మళ్ళీ కరెంటు తీస్తారట. దానికి కొండమీద గిన్నెలాంటి చోటు కావాలి. మూడు చోట్లు పనికొస్తాయన్నారు. చింతలున్న వైపు ఒకటి. తేనె బండలూ అడ్డ తీగలూ ఉన్న వైపు ఒకటి. మూడోది ఆ లోవ.

ఆరు పల్లెల్లో గాజులు తొడిగింది నేనే. నా మాట మీద తొడుక్కున్నారు. పండమ్మ తమ్ముడు అబ్బాయిరెడ్డి ఆరు పల్లెలకూ పెద్దకాపు. గాజును తిప్పి తిప్పి చూసి, “ఇదేటి సావుకారూ, మగోళ్ళకి కూడా గాజులు తొడిగేత్తన్నావు? మా ఆడోళ్ళు నవ్వుతున్నారు,” అన్నాడు.

“ఆరు నెలలే. మీకు కొండ మీద ఎంత ప్రేమో ఇది చెబుతుంది.”

“మమ్మల్ని అడిగితే మేం సెప్పమేటి?”

“అడిగితే నువ్వేం చెబుతావు?”

గాజును మరోసారి తిప్పాడు. “అవున్లే. ఏం సెప్తాం,” అని తొడుక్కున్నాడు.

వాళ్ళు మాట తప్పలేదు. ఆరు నెలలు గాజు తియ్యలేదు. ఎప్పటిలాగే తిరిగారు, ఎప్పటిలాగే ఆ వంపు దగ్గర ఆకు కరిచి, కాలి వేళ్ళు చూసుకుంటూ దాటారు.

*

పటం పూర్తయ్యాక హైమ నన్ను ప్రయోగశాలకు పిలిపించింది. గోడంత తెర. మా కొండలన్నీ దాని మీద వెలుగుతున్నాయి. చింతలున్న వైపు నిప్పుల కుప్పలా ఉంది. తేనె బండల వైపు అంతకంటే ఎరుపు. మధ్యలో ఒక అరచేయంత చోటు తెల్లగా ఉంది. నాలుగు వందల మంది ఆరు నెలలు దాని పక్కనుంచి నడిచారు. ఒక్కరి నాడి కూడా కదల్లేదు.

“వాళ్ళ పశువుల కొట్టం కూడా ఇంత తెల్లగా లేదు నాన్నా,” అంది హైమ. కళ్ళ కింద నల్లగా ఉంది, వారం రోజులుగా నిద్ర లేనట్టుంది. “నువ్వు ముప్పై ఏళ్ళుగా తిరుగుతున్నావు. ఇది నీకు సరిగ్గానే అనిపిస్తోందా?”

నా కూతురు నన్ను అడిగిన ప్రశ్న అది. జవాబు నాకు తెలుసు.

తెలిసి కూడా నేను లోపల బేరీజు వేసుకున్నాను. అది దాచిన బుట్ట అని చెబితే గాజు తప్పని తేలుతుంది. ఎనిమిదేళ్ళ పని పోతుంది, దాని పేరు పోతుంది. గాజు పోతే నియమం పోతుంది. అప్పుడు కంపెనీ తనకు నచ్చిన చోటు తవ్వుకుంటుంది. చింతలున్న వైపు తవ్వితే వాళ్ళూ పోతారు, నేనూ పోతాను. ఆ లోవనుంచి ఎవరికీ కాయ రాదు, పుల్ల రాదు. ఏమీ రాని చోటు ఇచ్చి, అన్నీ వచ్చే రెండు చోట్లు నిలబెట్టుకోవడం ఏ షావుకారు చూసినా మంచి బేరమే. వాళ్ళే నోరెత్తనప్పుడు మధ్యలో నేనెవర్ని?

“కొలిచింది యంత్రం కదా తల్లీ,” అన్నాను. “దానికి అబద్ధమాడాల్సిన పనేముంది?”

హైమ భుజాలు దిగాయి. ఇంటికెళ్ళి పడుకుంటానంది.

నెల తర్వాత జీలుగుపాడులో సభ పెట్టారు. ప్రత్యేకాధికారి వచ్చాడు, మర్యాద తెలిసినవాడు, చెప్పులు విడిచి కూర్చున్నాడు. తెర దించి పటం చూపించాడు. “ఇవి మీ మనసులే. మీకు ప్రాణమైన చోట్ల జోలికి ఎవరూ రారు. తెల్లగా ఉన్న చోటే తీసుకుంటారు. అభ్యంతరం ఉంటే చెప్పండి.”

ఆ తెల్ల మచ్చ తెర మీద పడగానే ఆరు పల్లెల జనం తలలు దించేశారు. అభ్యంతరం చెప్పాలంటే ఆ చోటును పేర్కొనాలి, మాకు కావాలి అనాలి. ఆ మాట వాళ్ళ నోటికి రాదు. అధికారి మూడుసార్లు అడిగాడు. అబ్బాయిరెడ్డి మెడనరాలు బిగుసుకోవడం నేను చూశాను. నోరు మాత్రం కదల్లేదు.

తల దించనిది పండమ్మ ఒక్కతే. ఆవిడ తెర వైపు చూడలేదు, నా వైపు చూసింది. చాలాసేపు చూసింది. నేను కళ్ళజోడు తీసి పంచె చెంగుతో తుడుచుకున్నాను. అద్దాలు శుభ్రంగానే ఉన్నాయి.

అధికారి మౌనాన్ని అంగీకారమని రాసుకున్నాడు.

*

లోవను పేల్చడానికి పద్నాలుగు రోజులు పట్టింది. సంతలో నా కాటా కొక్కెం దానంతటదే ఊగేది. తర్వాత నీళ్ళు నిలిపారు. ఆ వారమే పండమ్మ సంతకు వచ్చింది. ఏమీ తేలేదు. నా బస్తాల ముందు కూర్చుంది. జుట్టు అప్పటికే నెరిసిపోయింది.

“కోపమా పండమ్మా?” అన్నాను.

“కోపం ఎందుకు? మేం నోరెత్తకూడదు. అది మా కట్టు.” ఉప్పు రాళ్ళు రెండు తీసుకుని చేతిలో నలుపుతూ కూర్చుంది. “నీ పళ్ళ కింద ఆకు లేదు కదా సావుకారూ. నేనే తీసి పారేశాను. గుర్తుందా?”

నాకు గుర్తుంది.

“కొనేవోడు అడుగుతాడు, సెప్తాడు, వాదిత్తాడు. అది నీ పని. నువ్వు నోరెత్తితే తప్పు లేదు. ఆరు ఊళ్ళలో తప్పు లేనోడివి నువ్వొక్కడివే.”

ఉప్పు అక్కడే పోసి లేచి వెళ్ళిపోయింది.

మరుసటి ఏడాది కొండతేనె పట్టలేదు. ఒక ఏడాది అలా జరగడం మామూలే అనుకున్నాను. రెండో ఏడాది చింత పూసింది, కాయ నిలవలేదు. లోవకు దిగువనున్న రెండు వాగులు మాఘానికే ఎండాయి. హైమ మనుషులు వచ్చి ఈగల వెనక, నీళ్ళ వెనక తిరిగి చెప్పిందేమిటంటే, ఈ కొండలన్నిటి తేనెటీగలూ పిల్లల్ని పెంచుకునేది ఆ లోవ బండల్లోనే. కరక విత్తనాలు మోసే పెద్ద ముక్కు పిట్టలు గూడు కట్టేదీ అక్కడి ముసలి చెట్ల తొర్రల్లోనే. ఏమీ రాని చోటు అని నేను లెక్కేసిన చోటునుంచే అన్నీ వస్తున్నాయి. నా కాటా మీదికి రాకపోవడంతో నాకు కనిపించలేదు.

అయినా చింతలు ఉన్నాయి, మళ్ళీ కాస్తాయి, తీగలు ఉన్నాయి అనుకున్నాను. అప్పుడు జనం సంతకు రావడం మానేశారు. అడ్డాకు లేదు, కుంకుడుకాయ లేదు. చెట్లకు ఉన్న కొద్ది కాయా చెట్లకే ఉంది. అబ్బాయిరెడ్డి, ఆరు పల్లెలకు పెద్దకాపు, రోడ్డు పనిలో కంకర కొడుతుండగా చూశాను. చేతికి నాడిగాజు ఇంకా ఉంది. సభ తర్వాత ఇంకో మూడేళ్ళు ఉంచుకోవాలని కొత్త ఒప్పందం.

“కొండ వదిలేశారా అబ్బాయిరెడ్డీ?”

“ఏ కొండ?” అన్నాడు.

ముప్పై ఏళ్ళ కిందట విన్న జవాబే అది. చోటు ఒక్కటే మారింది.

*

హైమ ఇంటికి వచ్చింది. వచ్చిన రోజు సాయంత్రం దాకా కొట్టు గట్టు మీద ఊరికే కూర్చుంది. తర్వాత పలక తీసి నా ఒళ్ళో పెట్టింది. మా కొండల పటం. నిప్పుల కుప్పలు లేవు. చింతలున్న వైపు తెలుపు, తేనె బండల వైపు తెలుపు. ఆ చివరనుంచి ఈ చివరిదాకా తెల్లటి గుడ్డ పరిచినట్టుంది.

“విరక్తి పుట్టిందంటున్నారు మావాళ్ళు. కొండ మీద ఆశ చచ్చిపోయిందట. కంపెనీ రెండో చెరువు అడుగుతోంది నాన్నా. నియమం ప్రకారం ఇప్పుడు ఎక్కడైనా తవ్వుకోవచ్చు. వచ్చే నెల సభ.” పలకను బోర్లించింది. “నేను చేసిన వస్తువు వాళ్ళను కాపాడుతుందనుకున్నాను.”

చెప్పాను. మూడేళ్ళ కిందట చెప్పాల్సింది అప్పుడు చెప్పాను. ఆకు సంగతి, గడ్డం తిప్పిన సంగతి, ప్రయోగశాలలో నేను వేసుకున్న బేరీజు కూడా. చివర హైమ అడిగింది.

“నేను అడిగాను కదా నాన్నా?”

“అడిగావు.”

“సరే,” అంది. ఆ సరే తర్వాత నా కూతురు నాతో చాలా రోజులు అవసరానికి మించి మాట్లాడలేదు.

మర్నాడు మేం కొండెక్కాం. పండమ్మ ఇంట్లో మళ్ళీ టెంకల అంబలి కాగుతోంది. బుట్ట అక్కడే వేలాడుతోంది. హైమ ముందురోజు రాత్రీ ఆ పూటా ఏమీ తినలేదు, కావాలనే. తన చేతికి ఒక గాజు తొడుక్కుని, పలక నాకిచ్చి, పండమ్మ పక్కన బుట్ట కింద కూర్చుంది. కూర్చుని తలెత్తి బుట్ట వైపు చూసింది. పలక మీద నా కూతురి నాడి గీత ఎగిరిపడింది. పక్కనే పండమ్మ గీత. మూడు నెలలుగా చాలీచాలని తిండి తింటున్న మనిషి గీత చెరువు నీళ్ళలా కదలకుండా ఉంది. ఇంట్లో మిగిలిన నలుగురివీ అంతే. తెలుపు.

హైమ అది చూసింది. “ఇంట్లో అన్నిటికంటే విలువైనదాని కింద ఇంత తెలుపు,” అంది. తనతో తానే అనుకుంటున్నట్టు.

“నీ గాజు నా కాటాయేనమ్మా,” అన్నాను. “సరుకు నా ముందు పెట్టినప్పుడు నేను చూసేది మనిషి కళ్ళే. కళ్ళు సరుకును అంటుకుని ఉంటే అమ్మడానికి వచ్చాడని లెక్క. ఒళ్ళు ఊగేది బేరానికి వచ్చినదాని దగ్గరే. వాళ్ళు బేరానికి పెట్టనిది నీ గాజుకూ కనిపించదు, నాకూ కనిపించదు.”

పండమ్మ అంబలి గిన్నె హైమ చేతిలో పెట్టింది. “తాగమ్మా. చల్లారిపోద్ది.”

హైమ తాగుతూ ఏడ్చింది. అంబలి చేదుకో, ఇంకెందుకో నేను అడగలేదు.

*

రెండో సభకు అదే అధికారి వచ్చాడు. తెల్లటి పటం దించాడు. జనం తలలు దించారు. ఆయన మూడోసారి అడగబోతుండగా నేను లేచాను.

“మీరెవరండీ?”

“నాళం కామేశం. షావుకారునండి.”

“అభ్యంతరాలు ఇక్కడివాళ్ళే చెప్పాలి. మీరు వ్యాపారస్థులు.”

“అందుకే నిలబడ్డానండి. అమ్మేదేదో అమ్మనిదేదో కొనేవాడికి తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదు. ముప్పై ఏళ్ళు ఆ లోవనుంచి ఒక్క కాయ నాకు అమ్మలేదు. మీ పటంలో అది తెల్లగా ఉంది. ఇప్పుడు ఏడాదిగా మొత్తం కొండనుంచే అమ్మట్లేదు. ఇప్పుడు మొత్తం తెల్లగా ఉంది. ఉన్న ఒక్క విత్తనాల బుట్టా మనం పగలగొట్టాం. మిగిలిన కొండనంతా వీళ్ళు విత్తనాల కింద కట్టేసుకున్నారు. ఆకలికి కంకర కొట్టుకుంటున్నారు గానీ దాని వైపు చూడట్లేదు. మీరు దీన్ని విరక్తి అంటున్నారు.”

“ఇదంతా మీకు అప్పుడే తెలుసా?”

“తెలుసు. చెప్పలేదు. అది కూడా రాసుకోండి.”

తర్వాత హైమ లేచింది. తన గాజును తానే తప్పని నిరూపించింది, అంబలి పొయ్యి దగ్గరి గీతలతో సహా. కంపెనీ తరఫున వచ్చిన ఆయన అడిగాడు, “మీరు కొలిచింది మక్కువ కాదంటారు. మరి ఎనిమిదేళ్ళు ఏం కొలిచారు మేడం?”

“సంతను,” అంది నా కూతురు. కూర్చుంది.

ఆ గాజు కొలత మా కొండలకు చెల్లదని, వేరే కొలత దొరికేదాకా ఇక్కడ ఏమీ తవ్వకూడదని ఏడాది తర్వాత కాగితం వచ్చింది. రెండో చెరువు ఆగింది. గాజుల పని పోయాక ప్రయోగశాల మూతపడింది. హైమ ఇప్పుడు పల్లంలో ఒక కాలేజీలో పాఠాలు చెబుతోంది. సెలవులకు వస్తుంది. వస్తే నాకంటే ముందు పండమ్మ ఇంటికే వెళుతుంది.

కాగితం వచ్చిన వారం నేను ఒక్కడినే కొండెక్కాను. మోకాళ్ళు సహకరించక రెండు గంటల దారికి నాలుగు పట్టింది. వంపు దగ్గర పండమ్మ కర్ర ఊతంగా నిలబడి ఉంది. కింద లోవ లేదు. నీళ్ళున్నాయి, వాటి మీద ఆకాశం ఉంది.

“ఇయ్యాల కాటా తేలేదేటి?” అంది.

“దేనికి తేవాలి?”

పండమ్మ ఒక అడ్డాకు తుంచి, మడిచి, తన పళ్ళ మధ్య పెట్టుకోబోయి ఆగింది. ఇంకొకటి తుంచింది. నాలుగు మడతలు పెట్టింది. నాకు ఇచ్చింది. ఇద్దరం కాలి వేళ్ళు చూసుకుంటూ, నీళ్ళ వైపు కాదు, ఆ మిగిలిన కొండల వైపు నడిచాం. ఆకు వగరుగా ఉంటుందని నాకు అన్నేళ్ళూ తెలియదు.

ఇక లెక్క. వ్యాపారం లేదు, కొట్టు తలుపులకు చెదలు పట్టింది. లోవ పోయింది, తేనె పోయింది, రెండు వాగులు పోయాయి. కూతురి ఎనిమిదేళ్ళు పోయాయి, నా మాట మీద దానికున్న నమ్మకం కొంత పోయింది. అబ్బాయిరెడ్డి ఇంకా కంకర కొడుతున్నాడు. పోయిన ఏడాది తీగల వైపు ఒక తేనెపట్టు కనబడిందని ఎవరో అన్నారు. నేను వెళ్ళి చూడలేదు. రెండు కొండలు నిలబడ్డాయి. నా చేతికి వచ్చింది ఒక అడ్డాకు.

అది ఇప్పుడు నా పళ్ళ కింద ఉంది. పోయిన లోవ సంగతి చెప్పొచ్చు కాబట్టి చెప్పాను. ఉన్న ఆ రెండు కొండల పేర్లు ఇందులో ఎక్కడా రాయలేదు.